కొత్త సేల్స్ ఉద్యోగంలో మొదటి 90 రోజులు: ఏది ముందు, ఏది తర్వాత

సేల్స్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు మొదటి వారమంతా బ్రోచర్లు బట్టీపట్టి, రెండో వారంలో కస్టమర్ వేసే మూడో ప్రశ్నకే తడబడతారు. మరికొందరు తమకు మాట్లాడటం బాగా వచ్చన్న ధీమాతో మొదటి రోజే ఫోన్ అందుకుని, చేతికొచ్చిన మంచి లీడ్స్‌ని (కొనే అవకాశం ఉన్నవాళ్ల వివరాలను) పాడుచేసుకుంటారు. ఇద్దరి విషయంలోనూ వరుస తప్పింది. కస్టమర్ ఎందుకు కొంటున్నారో ముందు తెలియాలి. ఆ తర్వాత, ఒప్పుకున్న ఆర్డర్ కంపెనీలో ఎన్ని చేతులు మారి బయటికొస్తుందో తెలియాలి. ప్రోడక్ట్ లోతులు మూడో మెట్టు. సేల్స్‌లో బెరుకు చాలావరకు "వాళ్లు ఇది అడిగితే నేనేం చెప్పాలి" అన్న అనుమానమే. అడగబోయే ప్రశ్నలు ముందే తెలిసినవాడి గొంతు దానంతటదే నిలకడగా ఉంటుంది.

చేరిన రోజే తేల్చుకోవాల్సినవి

మేనేజర్‌తో కూర్చునే మొదటి అరగంటలో ఈ ప్రశ్నలు అడగండి. కొత్తగా వచ్చి డబ్బు సంగతి ఎత్తితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆ అరగంట దాటితే ఇవే ప్రశ్నలు ఫిర్యాదుల్లా వినిపిస్తాయి.

- టార్గెట్‌ని దేని మీద లెక్కేస్తారు: వచ్చిన ఆర్డర్ మీదా, వేసిన బిల్లు మీదా, వసూలైన డబ్బు మీదా?
- మొదటి నెలల్లో టార్గెట్ తగ్గింపు ఉందా? ఉంటే ఏ నెలకి ఎంత శాతం?
- సరుకు వెనక్కొచ్చినా, కస్టమర్ రద్దు చేసుకున్నా ఇచ్చిన ఇన్సెంటివ్‌లో కోత పెడతారా?
- నా ఏరియా, నా ఖాతాలు (నేను చూసుకోవాల్సిన కస్టమర్లు) ఏవి? ఒకే కస్టమర్ దగ్గరికి నేనూ, టీమ్‌లో ఇంకొకరూ వెళ్తే అది ఎవరి లెక్కలోకి వస్తుంది?
- ధర నా అంతట నేను ఎంతవరకు తగ్గించొచ్చు? ఆ పైన ఎవరు ఒప్పుకోవాలి?
- మొదటి మాట నుంచి ఆర్డర్ దాకా ఇక్కడ సగటున ఎన్ని రోజులు పడుతుంది?

వీటిలో మొదటిదీ చివరిదీ చాలా ముఖ్యం. వసూలైన డబ్బు మీద లెక్కేసే చోట అప్పు గడువు 60 రోజులిచ్చి పెద్ద ఆర్డర్ తెచ్చినా, ఆ నెల మీ ఖాతాలో సున్నానే కనిపిస్తుంది. అలాంటి కంపెనీలో మొదటి సంభాషణ నుంచే చెల్లింపు షరతుల గురించి మాట్లాడాలి. ఇక అమ్మకం తెగడానికి 45 రోజులు పట్టే వ్యాపారంలో ఈ రోజు చేసిన కాల్‌కి ఫలితం ఆరు వారాల తర్వాతగానీ కనబడదు. ఈ సంగతి తెలియకే చాలామంది నాలుగో వారంలో తమను తామే అనుమానించుకుంటారు.

సమావేశం అయ్యాక "మనం మాట్లాడుకున్నవి నాకు ఇలా అర్థమయ్యాయి, తప్పుంటే సరిచేయండి" అని నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి. మూడు నెలల తర్వాత ఇన్సెంటివ్ దగ్గర మాట తేడా వస్తే ఆ మెయిలే అక్కరకొస్తుంది.

మొదటి వారం: గెలిచినవీ పోయినవీ చదవండి

బ్రోచర్ పక్కన పెట్టి, కంపెనీ సీఆర్ఎం (కస్టమర్లు, డీల్స్ వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) తెరవండి. గడిచిన ఆరు నెలల్లో గెలిచిన డీల్స్ 10, పోయిన డీల్స్ 10 ఎంచుకోండి. మీకు ఇచ్చిన ఏరియావైతే ఇంకా మంచిది. ఒక్కోదానికి ఐదు విషయాలు రాసుకోండి: కస్టమర్ ఎవరు, ఏ ఇబ్బందితో వచ్చారు, నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎన్ని రోజులు పట్టింది, చివరికి ఎందుకు కొన్నారు లేక ఎందుకు వద్దన్నారు.

పోయిన డీల్స్‌లో కారణం దగ్గర దాదాపు ప్రతిచోటా "ధర ఎక్కువ" అని ఉంటుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. రాయడానికి అది తేలికైన కారణం, అమ్మినవాడి తప్పు బయటపడని కారణం కూడా. నోట్స్ కిందికంటా చదివితే అసలు సంగతి దొరుకుతుంది: కొటేషన్ తొమ్మిది రోజులు ఆలస్యమైంది, లేదా మాట్లాడిన మనిషికి సంతకం పెట్టే అధికారమే లేదు, లేదా డెమో తర్వాత ఎవరూ తిరిగి ఫోన్ చేయలేదు.

20 డీల్స్ చదివేసరికి రెండు మూడు కారణాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మీ మాటలన్నీ వాటి చుట్టూ అల్లుకోవాలి. ఉదాహరణకు గెలిచిన పదిలో ఆరుగురు "పాత సప్లయర్ సరుకు సమయానికి పంపడం లేదు" అనే కారణంతో వచ్చారనుకోండి. అప్పుడు మీరు ముందు చెప్పాల్సింది డెలివరీ గురించి. ప్రోడక్ట్‌లో ఉన్న పదకొండు సదుపాయాల గురించి తర్వాత ఎప్పుడైనా చెప్పొచ్చు.

వీలైతే ఇప్పటికే కొన్న ముగ్గురితో పావుగంట చొప్పున మాట్లాడే అవకాశం అడిగి తీసుకోండి. "కొనక ముందు ఈ పని ఎలా చేసుకునేవారు? మా దగ్గరికి రావడానికి కారణమేంటి? ఇప్పటికీ నచ్చనిది ఏంటి?" ఈ మూడు చాలు. జవాబులను వాళ్లన్న మాటల్లోనే రాసుకోండి. కస్టమర్లు వాడే పదాలతో మాట్లాడే కొత్తవాడు కొత్తవాడిలా అనిపించడు.

సీనియర్ల పక్కన కూర్చోవడం

ఒక్కరి పక్కనే కూర్చుంటే వాళ్ల అలవాట్లన్నీ, చెడ్డవాటితో సహా, మీకు అంటుకుంటాయి. కనీసం ముగ్గురి కాల్స్ వినండి: ఎక్కువ అమ్మేవారు ఒకరు, మధ్యరకం వారు ఒకరు, పాత ఖాతాలు చూసుకునేవారు ఒకరు. మధ్యరకం వారి నుంచే నేర్చుకునేది ఎక్కువ, ఎందుకంటే పదేళ్ల పరిచయాలతో అమ్మేవారి పద్ధతి మీకు రేపటికి రేపు పనిచేయదు.

వినేటప్పుడు వాళ్లు ఏం చెప్పారన్నదానికంటే ఏం అడిగారో, అడిగాక ఎంతసేపు ఆగారో చూడండి. కాల్ ఎలా ముగించారో తప్పకుండా రాసుకోండి. "సరే అండి, మళ్లీ మాట్లాడదాం" అని ముగిసిన కాల్‌కీ, "గురువారం పదకొండింటికి మీ అకౌంట్స్ వారితో కలిపి మాట్లాడదాం" అని ముగిసిన కాల్‌కీ మధ్య ఉన్న తేడానే నెలాఖరుకి టార్గెట్‌లో తేడా అవుతుంది.

ప్రోడక్ట్ ఎంత తెలిస్తే చాలు

మొదటి రెండు వారాలకు ఎక్కువగా అమ్ముడయ్యే మూడు నాలుగు రకాలు బాగా తెలిస్తే చాలు. ఒక్కోదానిలో ఇవి తడుముకోకుండా చెప్పగలగాలి: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు, ధర, డెలివరీకి ఎన్ని రోజులు, వారంటీలో ఏది కలుస్తుంది ఏది కలవదు, పోటీ కంపెనీదానికి దీనికి ఉన్న ఒకే ఒక్క పెద్ద తేడా. "ఎవరికి పనికిరాదు" అన్నది తెలిసి ఉంటే నమ్మకం త్వరగా కుదురుతుంది. అవసరం లేనివాళ్లకు అంటగట్టిన సరుకు వెనక్కి రాకపోయినా, వాళ్ల ఫోన్లు మాత్రం తప్పక వస్తాయి.

తెలియని ప్రశ్న ఎదురైతే ఊహించి చెప్పొద్దు. "ఇది కనుక్కుని ఈ సాయంత్రం ఐదులోపు చెప్తానండి" అనండి, నాలుగున్నరకే చెప్పండి. కస్టమర్ మీ మాటకున్న విలువను కొలిచే మొదటి సందర్భం ఇదే. అలా అడిగిన ప్రతి ప్రశ్ననీ జవాబుతో సహా ఒక ఫైల్‌లో చేర్చుకుంటూ పోండి. నలభై యాభై ప్రశ్నలు పోగయ్యాక కొత్తవి రావడం బాగా తగ్గిపోతుంది.

ఆర్డర్ వెళ్లే దారి

ఇల్లు అలకగానే పండగ కానట్టే, ఆర్డర్ రాగానే అమ్మకం అయిపోదు. ఒక ఆర్డర్ పట్టుకుని దాని వెంట నడవండి: ఎవరు ఎంట్రీ చేస్తారు, అప్పు పరిమితి ఎవరు చూస్తారు, సరుకు ఎక్కడి నుంచి కదులుతుంది, బిల్లు ఎప్పుడు పుడుతుంది, ఫిర్యాదు వస్తే మొదట ఎవరి దగ్గరికి వెళ్తుంది. అకౌంట్స్, డిస్పాచ్, సర్వీస్ విభాగాల్లో ఒక్కొక్కరిని పేరుతో పలకరించేంత పరిచయం మొదటి పది రోజుల్లోనే చేసుకోండి. వాళ్లను ఒకటే అడగండి: "సేల్స్ వాళ్లు చేసే ఏ పని వల్ల మీకు పని రెట్టింపవుతుంది?" ఈ ప్రశ్న వాళ్లని ఎవరూ అడిగి ఉండరు కాబట్టి జవాబు వివరంగా వస్తుంది. పన్ను వివరాలు లేకుండా ఆర్డర్ పెట్టడం, డెలివరీ తేదీ డిస్పాచ్‌ని అడక్కుండా మాటివ్వడం, ఇలాంటివే వినిపిస్తాయి. ఆ రెండు మూడు తప్పులు మీరు చేయకపోతే, నెలాఖరు హడావిడిలో మీ ఆర్డరే ముందు కదులుతుంది.

వెనక నుంచి లెక్క

టార్గెట్‌ని అంకెగా చూస్తే భయం వేస్తుంది. దాన్ని రోజువారీ పనిగా విడగొట్టుకోవాలి. ఉదాహరణకు నెలకు 6 ఆర్డర్లు కావాలి. మీ టీమ్‌లో మూడు కొటేషన్లకు ఒకటి ఆర్డర్ అవుతోంది. రెండు మీటింగ్‌లకు ఒక కొటేషన్ వెళ్తోంది. పన్నెండు కాల్స్‌కి ఒక మీటింగ్ దొరుకుతోంది. అంటే 18 కొటేషన్లు, 36 మీటింగ్‌లు, 432 కాల్స్. నెలకు 21 పనిదినాలనుకుంటే రోజుకు సుమారు 21 కాల్స్, రెండు మీటింగ్‌ల లోపు.

మీ కంపెనీ నిష్పత్తులు వేరుగా ఉంటాయి, మేనేజర్‌ని అడిగి అవే వాడండి. ఒక జాగ్రత్త: అవి అనుభవజ్ఞుల సగటు. మొదటి రెండు నెలలు మీ నిష్పత్తి అంతకంటే తక్కువే ఉంటుంది కాబట్టి కాల్స్ నాలుగో వంతు ఎక్కువే వేసుకోండి.

ఈ లెక్కతో ఇంకో లాభం, ఎక్కడ తేడా జరుగుతోందో తెలుస్తుంది. కాల్స్ సరిపడా ఉండి మీటింగ్‌లు రావడం లేదంటే మొదటి పది సెకన్లలో చెప్పే మాటలో లోపం, లేదా లీడ్స్ జాబితాలోనే లోపం. మీటింగ్‌లు అవుతున్నా కొటేషన్ దాకా వెళ్లడం లేదంటే మీరు అడిగే ప్రశ్నలు సరిగా లేవు. కొటేషన్లు వెళ్లి అక్కడే ఆగిపోతున్నాయంటే నిర్ణయం తీసుకునే మనిషి మీకు ఇంకా తగల్లేదు. "బాగా కష్టపడుతున్నా ఆర్డర్లు రావట్లేదు" అనే మాటను మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లే బదులు ఈ నాలుగు అంకెలు తీసుకెళ్తే, సలహా కూడా అంత కచ్చితంగా దొరుకుతుంది.

మొదటి కాల్స్

చిన్న ఖాతాలతో మొదలుపెట్టండి. పెద్ద కస్టమర్‌ని మొదటి వారమే పలకరించి పొరపాటు చేస్తే, మళ్లీ ఆ తలుపు తట్టడానికి నెలలు పడుతుంది. రోజుకు రెండు గంటలు, ఒకే సమయంలో, వరుసగా కాల్స్ చేయండి. మధ్యలో మెయిల్ చూడొద్దు. మొదటి నాలుగైదు కాల్స్ ఎప్పుడూ బిగుసుకుపోయినట్టే ఉంటాయి, వరుసలో పడ్డాక గొంతు సర్దుకుంటుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా ఆ నాలుగైదు మళ్లీ భరించాలి.

మొదటి మాటలో మూడే ఉండాలి: మీరెవరు, ఎందుకు చేశారు, ఎంత సమయం కావాలి. "నమస్తే అండి, నేను ఫలానా కంపెనీ నుంచి. మీలాంటి వ్యాపారాల్లో సరుకు ఆలస్యమై ఇబ్బంది పడుతున్నవాళ్లతో పనిచేస్తుంటాం. మీకూ ఆ సమస్య ఉందో లేదో తెలుసుకోడానికి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" చివర్లో ప్రశ్న ఉంది, కాదనడానికి వీలూ ఉంది. కాదనే వీలిచ్చిన మనిషితో మాట్లాడటానికి జనం ఎక్కువగా ఒప్పుకుంటారు.

మాట కలిశాక వివరించడం మొదలుపెట్టకండి. ముందు అడగండి: ఇప్పుడు ఈ పని ఎలా జరుగుతోంది, అందులో ఎక్కడ ఇబ్బంది, ఆ ఇబ్బంది వల్ల నెలకు ఎంత నష్టం లేదా ఎన్ని గంటలు వృథా, మార్చాలంటే మీతోపాటు ఇంకెవరు సరేననాలి, ఎప్పటికల్లా మార్చాలనుకుంటున్నారు. నష్టం గురించిన ప్రశ్న కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. ఆ అంకె కస్టమర్ నోటివెంట రాకపోతే, తర్వాత మీ ధరని పోల్చుకోడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు, ఏ ధరైనా ఎక్కువే అనిపిస్తుంది.

ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగడం అసలైన కష్టం. నాలుగు సెకన్ల నిశ్శబ్దం అడిగినవాడికి నాలుగు నిమిషాల్లా ఉంటుంది, ఆలోచిస్తున్నవాడికి మాత్రం అది తెలియనే తెలియదు. మధ్యలో మీరే జవాబు అందిస్తే, అసలు సంగతి ఎప్పటికీ బయటికి రాదు.

చివరిగా, ఆర్డర్ అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అన్నీ చక్కగా వివరించి, కొటేషన్ ఇచ్చి, "చూసి చెప్పండి" అని వచ్చేయడం కొత్తవాళ్లందరిలోనూ కనిపించే జబ్బు. "ఇవన్నీ మీకు సరిపోతే ఈ వారమే మొదలుపెడదామా?" అన్నది మర్యాద తప్పిన మాటేమీ కాదు.

అభ్యంతరాలకు సిద్ధం కావడం

మొదటి నెలలో వినిపించే అభ్యంతరాలు ఏడెనిమిదికి మించవు. ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబు రాసుకుని, తోటివారితో బయటికి అని చూడండి. కాగితం మీద బాగున్న జవాబు నోట్లో చాలాసార్లు నలుగుతుంది.

"ధర ఎక్కువ" అంటే వెంటనే తగ్గించకండి, సమర్థించుకోకండి. "దేనితో పోలిస్తే అండి?" అని అడగండి. జవాబు ఇంకో కంపెనీ కొటేషన్ కావచ్చు, వాళ్ల బడ్జెట్ కావచ్చు, ఊరికే బేరం కావచ్చు. మూడింటికీ మందు వేరు. "మాకు ఆల్రెడీ సప్లయర్ ఉన్నారు" అంటే వాళ్లని తక్కువ చేసి మాట్లాడొద్దు, ఎందుకంటే ఆ సప్లయర్‌ని ఎంచుకున్నది మీ ముందున్న మనిషే. వాళ్లలో ఏది నచ్చిందో అడగండి, తర్వాత ఏది మారితే బాగుండుననిపిస్తుందో అడగండి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది "చూద్దాం లెండి." మన మొహమాటంలో కాదని చెప్పలేక అనే మాట ఇది. కొత్తవాళ్లు దీన్ని ఆశగా లెక్కేసుకుని పైప్‌లైన్‌లో (ఇంకా తేలాల్సిన డీల్స్ జాబితాలో) నెలల తరబడి మోస్తారు. "తప్పకుండా అండి. మీకు ఇంకా ఏ విషయంలో సందేహం ఉంది? వద్దనుకుంటే అదీ చెప్పండి, నేనేమీ అనుకోను" అంటే చాలామంది ఊపిరి పీల్చుకుని అసలు మాట చెప్తారు.

డిస్కౌంట్ లెక్క

వ్యాపార మర్యాదలా డిస్కౌంట్ ఇచ్చేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. 100కి అమ్మే వస్తువు ఖర్చు 70 అయితే మిగిలేది 30. పది శాతం తగ్గిస్తే 90కి అమ్ముతారు, మిగిలేది 20. మునుపటంత లాభం రావాలంటే సగానికి సగం ఎక్కువ అమ్మాలి. అందుకే తగ్గించేటప్పుడు బదులు ఏదో ఒకటి తీసుకోవాలి: ముందస్తు చెల్లింపో, పెద్ద పరిమాణమో, ఈ వారంలోనే సంతకమో. ఏమీ అడక్కుండా తగ్గిస్తే, మొదట చెప్పిన ధర కల్పితమని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. తర్వాతి ఆర్డర్‌లో బేరం ఆ తగ్గిన ధర దగ్గరే మొదలవుతుంది.

ఎవరో వదిలి వెళ్లిన ఖాతాలు

మీకు చాలా ఖాతాలు ఇంతకుముందు పనిచేసినవారి నుంచి వస్తాయి. వాటిలో సగం నిద్రపోతుంటాయి, కొన్ని కోపంగా ఉంటాయి. ఫోన్ చేయడానికి ముందే మూడు చూసుకోండి: చివరి ఆర్డర్ ఎప్పుడు, బాకీ ఎంత, తేలని ఫిర్యాదు ఏదైనా ఉందా. ఫిర్యాదున్న కస్టమర్‌కి ఫోన్ చేసి కొత్త స్కీమ్ గురించి చెప్పడం కంటే తెలివితక్కువ పని లేదు.

మొదటి కాల్‌లో ఏమీ అమ్మొద్దు. "ఇకపై మీ ఖాతా నేను చూసుకుంటానండి. ఇంతకుముందు మావాళ్లు ఇచ్చిన మాటల్లో ఇంకా జరగనివి ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. ఒక్కోసారి నోటిమాటగా ఇచ్చిన డిస్కౌంట్లు, ఉచిత సర్వీసులు బయటపడతాయి. అక్కడికక్కడే సరే అనొద్దు, కాదనొద్దు. రాసుకుని, మేనేజర్‌తో మాట్లాడి, ఏ రోజు చెప్తారో చెప్పి, ఆ రోజు చెప్పండి. వెళ్లిపోయిన మనిషిని మాత్రం కస్టమర్ ముందు నిందించకండి. వాళ్లిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటూ ఉండొచ్చు.

సీఆర్ఎం, వారపు సమీక్ష

కాల్ అయిన అయిదు నిమిషాల్లోపు నోట్ రాయండి. సాయంత్రం రాద్దామనుకుంటే ఇరవై సంభాషణలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నోట్‌లో వాళ్లేమన్నారు, తర్వాత ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, ఈ మూడూ ఉండాలి. తర్వాతి తేదీ లేని లీడ్ ఏదీ మీ జాబితాలో ఉండకూడదు. తేదీ వేయలేకపోతే అది పోయిన డీల్ కింద మూసేయండి.

వారపు సమీక్షలో "ఈ నెల వచ్చేస్తుంది" అని చెప్పాలన్న ఒత్తిడి ఉంటుంది. నిర్ణయం తీసుకునే మనిషితో మీరే మాట్లాడారా, ధర వాళ్లకు చేరిందా, తేదీ వాళ్ల నోటితో చెప్పారా? ఈ మూడింటికీ అవునంటేనే ఆ డీల్‌ని ఈ నెల లెక్కలో చెప్పండి. తక్కువ చెప్పినందుకు ఒక్కసారి మాట పడితే పడొచ్చు. ఎక్కువ చెప్పి వరుసగా రెండు నెలలు తప్పితే ఆ తర్వాత మీరు చెప్పే ఏ అంకెనూ నమ్మరు.

ఎప్పుడు ఏది తేడా కొడుతుంది

మూడో వారం చుట్టూ ఒక నీరసం వస్తుంది. శిక్షణ అయిపోయి ఉంటుంది, తిరస్కారాలు మొదలై ఉంటాయి, ఆర్డర్లు ఇంకా రావు. అప్పుడు ఆర్డర్లు లెక్కపెట్టకండి, కాల్స్, మీటింగ్‌లు మాత్రమే లెక్కపెట్టండి.

రెండో నెలలో దీనికి తలకిందులు జరుగుతుంది. చేతిలో నాలుగు వేడి డీల్స్ ఉండేసరికి వాటి వెంటే తిరుగుతూ కొత్త కాల్స్ మానేస్తారు. ఆ నాలుగూ తెగాక మూడో నెల ఖాళీ. ఎంత పనున్నా కొత్తవాళ్లకి చేసే రెండు గంటల కాల్స్‌లో కనీసం గంటైనా నిలుపుకోండి.

తొంభయ్యో రోజు దగ్గరపడ్డాక మొదటి వారంలో చేసిన పనే మళ్లీ చేయండి. ఈసారి చదవాల్సింది మీ సొంత డీల్స్, గెలిచినవీ పోయినవీ అన్నీ. కాల్స్ నుంచి ఆర్డర్ దాకా మీ నిష్పత్తులు టీమ్ సగటు పక్కన పెట్టి, ఎక్కువ తేడా ఉన్న ఒక్క మెట్టు పట్టుకోండి. మేనేజర్‌తో తర్వాతి మూడు నెలల ప్రణాళిక మాట్లాడేటప్పుడు ఆ ఒక్క మెట్టు కోసం ఏ కాల్స్‌కి వాళ్లు పక్కన కూర్చోవాలో తేదీలతో సహా అడగండి.